రివర్సు సిద్దిరాములు, నాలుగు లైట్లు

కిందటి దసరా సెలవుల్లో ఒక మసక సాయంత్రం నేను మా ఇంటి ముందు నీళ్ల డ్రమ్మును పడుకోబెట్టి, అందులోకి నడుము దాకా దూరి, నాచు గీకుతున్నాను. అప్పుడు సిద్దిరాములు బండి వచ్చి డ్రమ్మును తాకింది. డ్రమ్ము దొర్లింది. నేను దానితో విభేదించే పరిస్థితిలో లేను. ఇద్దరం కలిసి పక్కింటి అరుగు దాకా వెళ్లి ఆగాం.

బయటికి వచ్చి చూస్తే ఎదురుగా పికప్ వెనుక భాగం కనిపించింది. అందులో వింతేమీ లేదు. సిద్దిరాములు బండి మా గల్లీలోకి ఏనాడూ ముఖం పెట్టి రాలేదు. సుల్తానాబాద్ మెయిన్ రోడ్డు మీదనే తిప్పుకొని, టింగు టింగుమని రివర్సు పాట పాడుకుంటూ, వెనక్కి వెనక్కి వచ్చి గల్లీ చివర తన ఇంటి ముందు ఆగుతుంది.

"డ్రమ్ముల ఉన్నరా సారూ? కనవడలే," అన్నాడు కిటికీలోంచి తల బయటపెట్టి.

"డ్రమ్ము కనవడ్డదా?"

"అది గూడ కనవడలే."

ఇది దమ్మాంలో ట్రైలరు తోలిన కాలంలో పట్టుకున్న జబ్బు. అక్కడి కంపెనీలో బండి ఏదైనా ముఖం బయటికి పెట్టి నిలపాలట. మంటలు లేస్తే ఎక్కి ఉరకడానికి వీలుగా ఉంటుందట. సౌదీ నుంచి అందరూ దుప్పట్లు, అత్తర్లు తెచ్చుకుంటే ఈయన ఈ నియమం తెచ్చుకున్నాడు. ఇంట్లో కుర్చీలు వాకిలి వైపే చూస్తాయి. చెప్పులు వాకిలి వైపే చూస్తాయి. మా గల్లీలోని లక్ష్మణ్ ఇంటి గృహప్రవేశానికి వచ్చి, బయట విడిచిన చెప్పులన్నీ వీధి వైపు తిప్పి పెట్టాడు. అది చూసిన చుట్టాలు ఇంటివాళ్లు పొమ్మంటున్నారనుకుని, పప్పు వడ్డించకముందే లేచారు.

"ఆపతి చెప్పి వస్తదా సారు? మొఖం బయటికుండాలె," అంటాడు.

పెండ్లి మాటెత్తితే దమ్మాంకు ముందు తొందరేముందన్నాడు, దమ్మాం తర్వాత ఆలస్యమైందన్నాడు. అందుకే ఒక్కడే ఉంటాడు. నేనూ దాదాపు అంతే. నా బడి ఇక్కడ, మా ఆవిడ ఉద్యోగం కరీంనగర్‌లో. శనివారం దాకా నేనే వండుకుని, నేనే వంకలు పెట్టుకుంటాను.

ఆయన బండితో ఇంకో విశేషం ఉంది. వేరే బండి వెనుక ఇరుక్కుంటే మనకు నంబరు ప్లేటు కనిపిస్తుంది. ఈయన బండికి ఇరుక్కుంటే ఈయన ముఖమే కనిపిస్తుంది. ఆయన వెనక్కి పోతుంటాడు, మనం స్కూటరు మీద ఆయన ముఖంలోకి చూస్తూ ముందుకు పోతుంటాం. అద్దం మీద ఒక కన్ను, మన మీద ఒక కన్ను.

"సారూ, ఏం కూర?"

"ఇంక వండలే."

"పొద్దుగాల వంకాయలు తెచ్చిండ్రు గద."

"తెచ్చిన."

"జర కారం ఎక్కువెయ్యుండ్రి."

గల్లీ చివరికి చేరేసరికి నా రాత్రి భోజనం ఖరారయ్యేది. వారమంతా నన్ను కూర గురించి అడిగే మనిషి ఆయనొక్కడే. ఆయనకైనా మాట్లాడటానికి ఇరుక్కున్నవాళ్లే దిక్కు.

"వెనుక మంచి లైటు పెట్టించరాదు సిద్దన్నా," అన్నాను ఆ సాయంత్రం, డ్రమ్ములో గీసుకుపోయిన మోచేతికి పసుపు రాసుకుంటూ. ఆ మాట కోసమే కాచుకున్నట్టు, మరుసటి ఆదివారం నన్నూ ఎక్కించుకుని పెద్దపల్లిలో అంబదాస్ షెడ్డుకు తోలాడు. అంబదాస్ ఆదిలాబాద్ మనిషి. ముందు "బాప్‌రే" అంటాడు, తర్వాత స్క్రూడ్రైవరు తీస్తాడు.

"బాప్‌రే, కంపెనీ బల్బు మిణుగురు పురుగు లెక్కున్నది. రెండు ఎల్‌ఈడీలు ఏస్త."

"నాలుగెయ్యి."

"పెండ్లి బరాత్‌కు తోల్తవా ఏంది?"

"ఎయ్యరాదు, నీదేం పోయింది."

అంబదాస్ బండి కిందికి దూరి రివర్సు గేరు నుంచి వైరు లాగాడు. సన్నపు వైరు కాలిపోకుండా మధ్యలో రిలే బిగించాడు. వెనుక డోరు కింద నాలుగు దీపాలు వరుసగా నిలబెట్టాడు. షట్టరు దించి చీకటి చేసి గేరు వేయించాడు. షెడ్డులో పగలు పుట్టింది. పని అయిపోయిందనుకున్నాం. అప్పుడు మొదలైంది.

"కిందికి దించు," అన్నాడు సిద్దిరాములు.

"కిందికి దించితే గోడ ఎట్ల కనవడ్తది?"

"గోడ యాడికి పోతది? ఉన్నకాడనే ఉంటది. నేల కనవడాలె. గా చివరిది జర మా గల్లీల మురికి మోరీ ఉండే దిక్కు తిప్పు. సారూ, మీరు జర బండి ముందట, అంటె ఎనుక, గట్ల నడువుండ్రి."

నడిచాను.

"గంత జోరుగ కాదు. నెత్తిమీద గంప ఉన్నట్టు."

నేను బడి పంతులును. పెద్దపల్లిలో నా పాత విద్యార్థులు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఇద్దరు ఆ షెడ్డులోనే స్కూటర్లు బాగు చేయించుకుంటున్నారు. లేని గంపను చేత్తో పట్టుకుని, ఆ వెలుగులో నేను అటూ ఇటూ నడిచాను. ఒకడు లేచి నమస్కారం కూడా పెట్టాడు.

ఆ సాయంత్రం మా గల్లీలో మళ్లీ తెల్లవారింది. లక్ష్మణ్ కోడి కూసింది. లైట్లు వచ్చాయి కాబట్టి బండి ఇక వేగంగా వస్తుందని ఆశపడ్డాం. మరింత నెమ్మదించింది. రైస్ మిల్లులో వడ్లు ఆరబోసే రామవ్వ ఆ వేళకే, నెత్తిన తవుడు గంపతో గల్లీలోని తన ఇల్లు చేరేది. ఆ గంప కూడా ఆయన బండికి చిక్కకుండా ముందే పోయేది. వెనుక మేమంతా స్కూటర్ల మీద ఆయన ముఖం చూస్తూ, కూరలు చెప్పుకుంటూ పోయేవాళ్లం.

మొదటి ఫిర్యాదు గల్లీ మొదటి ఇంటి కరుణాకర్‌ది. ఆయనకు మెయిన్ రోడ్డు మీద బట్టల దుకాణం ఉంది.

"నీ లైటు మా కిటికీలకెళ్లి టీవీ మీద పడ్తుంది. సీరియల్‌ల ఎవలు ఏడుస్తుండ్రో, ఎవలు నవ్వుతుండ్రో తెలుస్తలేదు."

"కూసోండ్రి అన్నా, చాయ్ పెడ్త," అన్నాడు సిద్దిరాములు.

చాయ్ సౌదీ కప్పుల్లో వచ్చింది. అన్నేండ్లయినా వాటి అంచున బంగారు రంగు చెదరలేదు, తాగేవాళ్లు లేక. తర్వాత లక్ష్మణ్ కోడి సంగతి చెప్పడానికి పోయాడు. లక్ష్మణ్ తల్లి రివర్సు పాట సంగతి చెప్పడానికి పోయింది. అందరికీ చాయ్, బిస్కెట్లు. ఆ కార్తీకమంతా సిద్దిరాములు ఇల్లు కళకళలాడింది. వచ్చినవాళ్లంతా కొట్లాటకే వచ్చారు.

చివరికి కరుణాకర్ గల్లీవాళ్లందరినీ కూడగట్టి తేల్చేశాడు. "లైట్లన్న తియ్, లేకుంటే బండిని రోడ్డు మీద పెట్టుకో."

సిద్దిరాములు అందరి ముఖాలూ చూశాడు. "సరే, తీస్త," అని పానా తెచ్చుకున్నాడు. వాదనకు సిద్ధమై వచ్చినవాళ్లం నిరాశగా ఇళ్లకు పోయాం.

తర్వాత ఒక సాయంత్రం, స్కూటరు బాగుచేయడానికిచ్చి నడిచి వస్తూ, నేను గల్లీ మొదట్లోనే మోరీలో కాలు పెట్టాను. కాలు తిరిగి వచ్చింది. చెప్పు రాలేదు. ప్యాంటు పిండుకుంటుంటే, లైటు లేని కరెంటు స్తంభాన్ని పట్టుకుని ఎవరో నిలబడి కనిపించారు.

"ఎవలు?" అంది రామవ్వ గొంతు.

"నేనే రామవ్వా, సారును."

"సారా. నీళ్ల సప్పుడైతె బర్రె అనుకున్న."

"ఇంటికి పోక గీడ నిలవడ్డవేంది?"

"పోత. బండి రానీ అని." గొంతు తగ్గించింది. "నాకు రేచీకటి సారు. పొద్దుగూకితె ఏం కనవడది. నిన్న మోరీల వడ్డ. మిల్లుల చెప్పకుండ్రి, రేపటికెళ్లి రావద్దంటరు."

చేయి పట్టుకోనివ్వలేదు. నేను ముందు నడుస్తూ, హాజరు పిలిచినట్టు, "గుంత, రాయి, మోరీ" అని పిలుస్తూ పోయాను. ఆమె వెనుక వచ్చింది. ఆమెను దిగబెట్టి సిద్దిరాములు ఇంటికి పోతే, ఆ పూట బండే తీయని ఆయన మంచం మీద నాలుగు దీపాలు పరుచుకుని బట్టతో తుడుస్తున్నాడు. లైట్లు తీశాక ఫిర్యాదులు లేవు, గడప తొక్కినవాళ్లూ లేరు. నన్ను చూడగానే గిన్నె పొయ్యి మీద పెట్టాడు.

"షెడ్డుల నాతోని నడిపిచ్చిన గంప నడక ఎవలిదో ఇప్పుడు సమజైంది. రామవ్వ సంగతి నీకెట్ల ఎరుక?" అన్నాను.

"ఒకనాడు చీకట్ల ఆమె ఇల్లు దాటిపోయి, ఇంటి ముందట నిలిపిన నా బండికి తాకింది సారు. బర్రె అనుకొని బానెట్ మీద సరిచి, 'హె, జరుగు' అన్నది. లోపల నేనున్న. హారన్ కొట్టలే."

"బండ్ల ఎక్కించుకోవచ్చు గద?"

"నేను ఒక్కణ్ని. ఆమె ఒక్కతె. గల్లీ ఊకుంటదా?"

"పోనీ ముందలికి తోలు. హెడ్‌లైట్లు ఉన్నయి గద."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ముందలికి వస్తె ఆమె ఎంబడి వస్తున్నడంటరు సారు. ఎనుకకు వచ్చెటోన్ని ఎవలేమంటరు? మొఖం అటుంటది గద."

నేను చాయ్ తాగాను. చక్కెర ఎక్కువైంది.

అటునుంచి అటే, ఒంటి చెప్పుతో, మోరీ వాసనతో కరుణాకర్ ఇంటికి పోయి, ఆయన కొత్త సోఫాలో కూర్చున్నాను. గల్లీలో వెలుగు లేక నా కాలికి జరిగిన అన్యాయాన్ని మొదటినుంచి వివరంగా, నిదానంగా చెప్పసాగాను. రామవ్వ పేరెత్తలేదు. సగంలోనే కరుణాకర్ ముక్కు మీద కండువా పెట్టుకున్నాడు.

"లైట్లు పెట్టుకొమ్మను సారు, మేం పరదా కట్టుకుంటం. మీరు ముందుగాల లేవుండ్రి."

అంబదాస్ మళ్లీ "బాప్‌రే" అన్నాడు, మళ్లీ బిగించాడు.

మరుసటి సాయంత్రం బండి గల్లీలోకి తిరిగింది. అందరికంటే ముందు రామవ్వ, ఆమె పాదాల దగ్గర వెలుగు, తర్వాత బండి వీపు, తర్వాత సిద్దిరాములు ముఖం, ఆ ముఖానికి ఎదురుగా నా స్కూటరు, పక్కన దుకాణం మూసి ఆకలి మీదున్న కరుణాకర్ స్కూటరు. మధ్యలో రామవ్వ ఆగి గంప సర్దుకుంది. బండీ ఆగింది. కరుణాకర్ హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు.

"సిద్దిరాములూ, నాలుగు లైట్లు పెట్టుకొని గూడ గింత మెల్లగనా? ఏమైందయ్యా నీ బండికి?"

సిద్దిరాములు అద్దం మీది కన్ను తీయకుండానే అన్నాడు:

"ఏం చెయ్యాలె కరుణాకరన్నా, బండికి రేచీకటి."