మమ్మల్ని ముందే చూసిన మొసలి

నా చిన్నప్పుడు మొసలి అంటే మాకు ఒక గాజుసీసా. యూనివర్సిటీ క్యాంపస్‌లో జంతుశాస్త్రం వాళ్ల గదిలో, కిటికీ పక్క బీరువా మీద, ఏదో మందునీళ్లలో మునిగి జానెడు మొసలిపిల్ల ఒకటి ఉండేది. మా తాతయ్య ఆ క్యాంపస్‌లో మాలీ. చెట్లకు పాదులు తీయడం, పూల మొక్కలకు నీళ్లు పెట్టడం ఆయన పని. మాలీ మనవడినని అక్కడి అటెండరు నన్నూ, నా ఇద్దరు దోస్తుల్నీ లోపలికి రానిచ్చేవాడు. మేం సీసాకు ముక్కులు ఆనించి, అది ఎప్పటికైనా కళ్లు తెరుస్తుందేమోనని చూస్తూ నిలబడేవాళ్లం.

ఆ దోస్తుల్లో ఒకడు తార్నాకలో ఉండే లెక్చరర్ గారబ్బాయి. ఏది చెప్పినా "నువ్వు చూసినవా?" అని అడగడం వాడికి అలవాటు. రెండోవాడు సీతాఫల్‌మండిలో ఉండే రైల్వే ఉద్యోగి కొడుకు. మాటలు తక్కువ, గాలం వేయడంలో మాత్రం దిట్ట. క్యాంపస్‌లోని చిన్న కుంటలో వేలెడంత చేపలు పట్టి, మాకు చూపించి మళ్లీ నీళ్లలో వదిలేసేవాడు. ఒకరోజు సీసా ముందు నిలబడి నా నోరు ఊరుకోలేదు. మా తాతయ్య వాళ్ల ఊరి పక్క మంజీరలో ఎడ్లబండంత మొసళ్లున్నాయని అనేశాను. తార్నాకవాడు మామూలు ప్రశ్నే అడిగాడు. నేను చూడలేదు. అయినా చూశానన్నాను.

ఇక వాడు నన్ను వదల్లేదు. దాని పళ్లు ఎన్ని, నాలుక ఏ రంగు, నీళ్లలో ఊపిరి ఎట్లా తీసుకుంటుంది అని రోజుకొక ప్రశ్న. నేను కల్పించి చెప్పడం, నిన్న చెప్పింది ఇవాళ మర్చిపోవడం. ఆ ఏడు నగరంలో గొడవల వల్ల బడులు చాలా రోజులు మూతపడ్డాయి. మాకు పొద్దు పోక, మా అల్లరికి ఇళ్లలో వాళ్లకు ఊపిరాడక, చివరికి ఎండాకాలంలో తాతయ్య పదిరోజులు ఊరికి పోతుంటే ముగ్గురమూ వెంటపడ్డాం.

తార్నాకలో ఆ అబ్బాయి వాళ్లమ్మ గేటు పట్టుకుని నిలబడి, "మాకు వీడొక్కడే, తాతా. నది దగ్గరికి అంటున్నరు. నాకు గుబులు గుబులైతున్నది" అంది. తాతయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎట్ల తీస్కపోతున్ననో అట్లనే తెచ్చి మీ చేతుల పెడ్త, అమ్మా" అన్నాడు. తాతయ్య ఊరికే మాటిచ్చే మనిషి కాదు. బస్సులో కూర్చున్నాక కూడా ఆయన కన్ను ఆ పిల్లాడి మీదే ఉండడం నేను గమనించాను.

ఎండాకాలం మంజీర సన్నగా పారుతూ, అక్కడక్కడా లోతైన మడుగులుగా నిలిచి ఉంది. ఒడ్డుకు దగ్గర్లోనే బంధువుల గుడిసెలో దిగాం. తాతయ్య మాకు వెదురు కర్రలు, గాలాలు సిద్ధం చేసి ఇచ్చాడు. గాలానికి గుచ్చే ఎర్రల కోసం తడినేల ఎక్కడ తవ్వాలో చూపించాడు. అయితే ఆయన పద్ధతులు మాకు వింతగా ఉండేవి. నీళ్లు కావాలంటే చెంబుకు తాడు కట్టి ఎత్తైన బండ మీదినుంచి చేదేవాడు. పట్టిన చేపల్ని ఒడ్డున కాక దూరంగా గుడిసె దగ్గరే శుభ్రం చేసేవాడు. అన్నిటికంటే విడ్డూరం, చేపలు ఎంత బాగా పడినా సరే, ఒకరోజు కూర్చున్న చోట మర్నాడు కూర్చోనిచ్చేవాడు కాదు.

"ఎందుకు తాతా?" అంటే, "మన టైం నీళ్లకు తెల్వొద్దు" అన్నాడు.

"నీళ్లకు గడియారముంటదా?" అని తార్నాకవాడు కిసుక్కుమన్నాడు. తాతయ్య కూడా నవ్వాడు కాని, మాట మార్చలేదు.

మొదటి రోజు మొసలి కనబడలేదు. రెండో రోజూ లేదు. ఏ మొద్దు కనబడినా నేను ఆశగా చూడడం, అది మొద్దే కావడం. "సీసాలున్నదే పెద్దదున్నట్టున్నది" అన్నాడు తార్నాకవాడు. నా పరువు మంజీరలో కలిసిపోతోంది. ఎట్లాగైనా దాన్ని చూపించాలనే పట్టుదలలో తాతయ్య చెప్పినవన్నీ గాలికి పోయాయి.

మధ్యాహ్నం అన్నం తిని తాతయ్య ఒక కునుకు తీసేవాడు. వచ్చిన రోజే ఆ వేళలో మేం చప్పుడు కాకుండా లేచి వెళ్లి, పెద్ద మడుగు పక్కన నీళ్లకు ఆనుకుని ఉన్న బల్లపరుపు బండ ఒకటి కనిపెట్టాం. దాని మీద కూర్చుంటే కాళ్లు పిక్కల దాకా నీళ్లలో ఆడేవి. ఆ ఎండలో అంతకంటే సుఖం ఇంకేముంటుంది! సీతాఫల్‌మండివాడు చేపల్ని అక్కడే చీల్చి పేగులు నీళ్లలో విసిరేవాడు. వాటికోసం ఇంకా చేపలు వచ్చేవి. తార్నాకవాడు ఎప్పుడూ అందరికంటే అంచున కూర్చునేవాడు. రెండో రోజూ అక్కడికే, మూడో రోజూ అక్కడికే వెళ్లాం. ఎక్కడ పట్టారని తాతయ్య అడిగితే, పైన ఎత్తుబండ దగ్గరని చెప్పింది నేనే. అబద్ధానికి అప్పటికే నా నోరు అలవాటు పడింది.

మూడో రోజు పొద్దుగూకే ముందు తాతయ్య ఒడ్డువెంట నడిచి వచ్చి, గట్టు మీదున్న మా పక్కన కూర్చున్నాడు. కింద బల్లపరుపు బండ మీద ఎండి అంటుకున్న చేప పొలుసులు ఆయన కంటపడ్డాయి. మా తాతయ్య చెయ్యి బరువని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. నేను వీపు బిగబట్టుకుని కూర్చున్నాను.

"ఎన్ని దినాలు?" అన్నాడు.

"మూడు."

"ఏ యాళ్లకు?"

"నువ్వు పండుకున్నంక."

అంతే. చెయ్యి లేవలేదు, గొంతు లేవలేదు. ఆ పూట అన్నం మాత్రం ముట్టలేదు. తిడితే బాగుండునని నాకు ఎన్నడూ అనిపించనిది ఆ రోజు అనిపించింది.

మర్నాడు అన్నాలయ్యాక ఆయన కునుకు తీయలేదు. పొడుగాటి వెదురు కర్ర చివర గోనెసంచి ముక్క చుట్టి, అందులో చేప పేగులు కట్టాడు. మమ్మల్ని తీసుకుపోయి, మా బల్లపరుపు బండకు వెనక ఉన్న ఎత్తైన గుండు మీద బోర్లా పడుకోమన్నాడు. తాను మా పక్కనే గొంతుక్కూర్చుని, కర్రను కిందికి దించి, సరిగ్గా మేం కాళ్లాడించే చోట నీళ్లను మెల్లగా తట్టసాగాడు. అచ్చం మా కాళ్ల చప్పుడే.

"నోరు మెదపొద్దు. చూడుండ్రి."

చాలాసేపు ఏమీ లేదు. బండ వేడికి పొట్టలు కాలుతున్నాయి. అంతలో మడుగు నడుమ రెండు బుడిపెలు కనబడ్డాయి. మొద్దేమో అనుకున్నాను. తార్నాకవాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బుడిపెలు మునిగిపోయాయి. నీళ్లు కదల్లేదు. తాతయ్య తడుతూనే ఉన్నాడు. ఇంక పోయిందిలే అనుకుంటుండగా బండ కిందనే నీళ్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పెద్ద తలుపు దభాలున మూసినట్టు చప్పుడైంది. కర్ర విరిగింది. తాతయ్య ముందుకు తూలితే మండివాడు ఆయన ధోవతి పట్టుకుని వెనక్కి లాగాడు. మళ్లీ చూసేసరికి మడుగు ఎప్పటిలాగే ఉంది. గోనెసంచి లేదు. సగం కర్ర నీళ్ల మీద తిరుగుతోంది.

మొసలిని చూపించాను కదా, గర్వంగా ఏదో అనాలి. నేను గుండును ఇంకా గట్టిగా కరుచుకుని పడుకున్నాను.

"మీరు దాని కోసం దేవులాడుతున్నరు" అన్నాడు తాతయ్య మెల్లగా. "అది మిమ్మల్ని మొదటి దినమే చూసింది. రెండో దినం మీరొచ్చే యాళ్ల చూసుకున్నది. నిన్న దగ్గరికొచ్చే ఉంటది."

తార్నాకవాడు తన కాళ్లు చూసుకున్నాడు. నేనూ వాడి కాళ్లే చూశాను. గేటు పట్టుకుని నిలబడ్డ వాళ్లమ్మ గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు. తాతయ్య బీడీ ముట్టించుకోబోతే మూడు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. ఆయన చేతులు వణకడం నేను మొదటిసారి చూశాను.

తిరుగు ప్రయాణంలో, మొసలిని అంతకుముందు ఎన్నడూ చూడలేదని తార్నాకవాడికి చెప్పేశాను. "నాకు ఎరుకనే" అన్నాడు వాడు. వాళ్లిద్దరూ నిద్రపోయాక తాతయ్యను అడిగాను, మమ్మల్ని ఎందుకు కొట్టలేదని.

"కొడితే నాకు భయపడుదురు బిడ్డా. నాకు భయపడితే ఏమొస్తది? నేను పండుకోంగనే మల్ల పోదురు. భయపడాల్సింది నీళ్లకు" అన్నాడు.

తార్నాకలో గేటు దగ్గర ఆయన ఏదీ దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, "నేను నిద్రపోయిన. తప్పు నాదే, అమ్మా" అన్నాడు. ఎత్తుబండ దగ్గరన్న ఆ అబద్ధం ఎవరు ఆడారో మాత్రం చెప్పలేదు. ఆమె కొడుకును తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుని లోపలికి తీసుకుపోయింది. నేను తాతయ్య వెనక నక్కి నిలబడ్డాను. తర్వాత పరుగెత్తుకెళ్లి తలుపు తట్టాను. అబద్ధం చెప్పింది నేనేనని ఆమెకు చెప్పాను. నన్ను ఎవరూ చెప్పమనలేదు, ఎవరూ కొడతానని బెదిరించలేదు.

తర్వాత నాకూ పిల్లలు పుట్టారు, వాళ్లకూ పుట్టారు. తాతయ్య ఓపికలో నాకు సగం కూడా రాలేదు. చాలాసార్లు గట్టిగా అరిచాకే, వీళ్లు ఇప్పుడు దేనికి భయపడుతున్నారు, నాకా, జరగబోయే ప్రమాదానికా అన్న ప్రశ్న వస్తుంది. నాకే అని వాళ్ల ముఖాల్లో కనబడిన రోజు సిగ్గుపడతాను.

నీళ్లంటే నాకు ఈ వయసులోనూ భయమే. తాతయ్య అంటే భయం మాత్రం ఆ గుండు మీద, ఆయన చేతులు వణకడం చూసినప్పుడే పోయింది. ఆ తర్వాత ఆయనకు నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేకపోయాను.