చీమగారు కొనని పుస్తకం

రక్తపరీక్షల ల్యాబులో సూది పట్టుకునే ఆ పెద్దమనిషికి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. జీతం అందే రోజున తప్ప దానితో ఎవరికీ పనిలేదు. "చీమ కుట్టినట్టు ఉంటుందంతే, అటు చూడండి" అని వచ్చినవాళ్లందరితోనూ ఏళ్ల తరబడి ఒకటే మాట చెప్పి చెప్పి ఆయన చీమగారైపోయారు. ఆ మాట పూర్తయ్యేలోపే సూది దిగడమూ, బయటికి రావడమూ అయిపోయేవి. నరం దొరకని లావుపాటివాళ్లు, గుక్కపెట్టి ఏడ్చే చంటిపిల్లలు, సూదిని చూస్తేనే కళ్లు తిరిగి పడిపోయే కండలవీరులు, అందరూ ఆయన కుర్చీ ఖాళీ అయ్యేదాకా కూర్చునేవాళ్లు. ఆయన హస్తవాసి అంత మంచిది. అలాంటి మనిషి తన చేతుల్ని చూసి తనే హడలిపోయాడంటే మీరు నమ్మరు. నేనూ మొదట నమ్మలేదు.

చీమగారికి సిగరెట్టు అలవాటు లేదు, పేకాట రాదు. ఉన్న వ్యసనమల్లా బొమ్మల కథల పుస్తకాలు. యాభై దాటాక ఈ చిన్నపిల్లల సరదా ఏంటని బావమరిది ఎత్తిపొడుస్తుంటాడు. ఎత్తిపొడవనీ, ఆయన సొమ్మేం పోయింది! ల్యాబు నుంచి ఇంటికొచ్చే దారిలో, వీధి మలుపున ఒక పుస్తకాల కొట్టుంది. అక్కడికి నెలనెలా కొత్త సిరీసులు వచ్చిపడుతూనే ఉంటాయి. అన్నీ కొంటే ఇల్లు గడవదు, అన్నీ మానేస్తే ఆయనకి పొద్దు గడవదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏ కొత్త సిరీసైనా సరే, మొదటి మూడు సంచికలు కొని చదవాలి. మొదటిది కొత్త చుట్టం లాంటిది, ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడుతుంది. రెండోదానికి కాస్త కాళ్లు చాపుకుంటుంది. మూడోదానికి గానీ అసలు బుద్ధి బయటపడదు. నాలుగోది కొనాలా, అక్కడితో సెలవు పుచ్చుకోవాలా అన్నది అప్పుడు తేల్చాలి.

తేల్చే పంచాయితీ భోజనాల బల్ల దగ్గర జరిగేది. ఎదురుగా కూతురు. అక్షరాలు కూడబలుక్కునే వయసు నుంచీ ఆ అమ్మాయికి అక్కడ కుర్చీ ఉంది.

"మాటలు చేత్తో మూసి బొమ్మ చూడు తల్లీ. ఇప్పుడు బొమ్మ మూసి మాటలు చదువు. రెండూ ఒకటే చెబుతున్నాయనుకో, వాడు మనకి ఒకే సరుకు రెండుసార్లు అమ్ముతున్నట్టు."

"అయితే ఇది వద్దు నాన్నా. కోపంగా ఉన్నవాడి బొమ్మ వేసి, 'నాకు కోపంగా ఉంది' అని రాశాడు."

"తీసెయ్, తీసెయ్."

ఇల్లాలు వంటగదిలోంచి, "మీరిద్దరూ జడ్జీలు, నేను గుమాస్తాని. ముద్దాయిల్ని కాస్త పక్కకి తీస్తే కంచాలు పెడతాను" అని విసుక్కునేది. విసుక్కుంటూనే తనూ చదివేది.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, చీమగారు ఏరి కోరి కొనసాగించిన సిరీస్ ఒక్కటీ బతికి బట్టకట్టేది కాదు. తాళాలు బాగుచేసే ముసలాయన కథ నచ్చింది, నాలుగో సంచికతో ఆగిపోయింది. సముద్రం అడుగున బడి నడిపే పంతులమ్మ కథ నచ్చింది, అదీ అంతే. మూగవాడైన రేడియో మెకానిక్కు కథ మీద ప్రాణం పెట్టుకున్నారు. అది మంచి రసపట్టులో ఉండగా కంపెనీయే మూతపడింది. ఆయన వద్దని వదిలేసినవి మాత్రం దుక్కల్లా ఉన్నాయి. కొట్టు నడిపే పెద్దావిడ ఊరుకుంటుందా?

"చీమగారూ, ఇది మీకు నచ్చిందన్న సంగతి బయట అనకండి. పాపం ఆ బొమ్మలేసేవాడికి పెళ్లాం పిల్లలున్నారు."

మొదట్లో ఆయనా నవ్వేవారు. తర్వాత తర్వాత ఆ నవ్వు పెదాల మీదే ఆగిపోవడం మొదలైంది. ఒకసారి, గడియారాలు దొంగిలించే అక్కచెల్లెళ్ల కథ మూడు సంచికలూ చదివి, తెగ నచ్చేసి, కావాలనే నాలుగోది కొనకుండా గుండె రాయి చేసుకున్నారు. చూద్దాం, ఏమవుతుందో అని. ఆ సిరీస్ ఇప్పటికీ నిక్షేపంలా వస్తోంది. ఇక ఆయనకి నిద్రపడితే ఒట్టు. ల్యాబులో అందరి ప్రాణాలకీ చల్లగా తగిలే చెయ్యి, కొట్లో పుస్తకం మీద పడితే దాని పీక నొక్కుతోందని మనసులో గట్టిగా పాతుకుపోయింది. నవ్వకండి. మనలో ఎవరం ఏ పిచ్చి లేకుండా ఉన్నాం?

ఇంతలో కూతురి పుస్తకం వచ్చింది.

ఆ అమ్మాయి చదువు అయ్యాక ఆ భోజనాల బల్ల మీదే కూర్చుని బొమ్మలేసుకునేది. ఏం వేస్తోందో చెప్పేది కాదు. ఒక పొద్దున తండ్రి షర్టు గుండీలు పెట్టుకుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాన్నా, నా సిరీస్ ఇవాళ కొట్లోకి వచ్చింది. పేరు 'మొదటి బస్సు'."

చీమగారు ఆనందంలో ఒక గుండీ తప్పు కాజాలో పెట్టేసుకున్నారు. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది.

"ఏదీ, ఇటివ్వు."

"ఇవ్వను. అందరివీ కొన్నట్టే నాదీ కొనుక్కో. మూడూ అయ్యాక తీర్పు చెప్పు. కూతురని మొహమాటపడ్డావంటే ఊరుకోను."

ఆ సాయంత్రం చీమగారు కొట్టుకు వెళ్లారు. 'మొదటి బస్సు' కిటికీ పక్క అలమరలో, కళ్లకెదురుగానే ఉంది. నీలం అట్ట, చీకట్లో లైట్లు వేసుకున్న బస్సు, స్టీరింగు దగ్గర ఒక నడివయసు ఆవిడ. కింద కూతురి పేరు. చెయ్యి చాచారు. వేళ్లు అట్ట దాకా వెళ్లి ఆగిపోయాయి. కొంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు. కొనకపోతే కూతురి మనసు ఏమవుతుందో అదీ తెలుసు. మనసు నొచ్చుకుంటే రేపు సర్దిచెప్పుకోవచ్చు, పుస్తకం పోతే ఏం చెప్పుకుంటాం అని, చేతులు రెండూ జేబుల్లో దోపుకుని, పెద్దావిడ పలకరిస్తున్నా వినబడనట్టు బయటికొచ్చేశారు.

అప్పట్నించి ఆయన బతుకు దొంగబతుకైంది. "చదివావా నాన్నా?" అంటే నీళ్లు నమిలేవారు. కళ్లజోడు మార్పించుకోవాలన్నారు. మూడూ ఒకేసారి చదువుతానన్నారు. ల్యాబులో పని ఎక్కువైందన్నారు. రెండో సంచిక వచ్చేసరికి ఆ అమ్మాయి అడగడమే మానేసింది. అడిగినప్పుడే నయం అనిపించింది ఆయనకి. భోజనాల దగ్గర తలెత్తి చూడాలంటే భయం. కొట్టున్న వీధి గుండా వెళ్లాలంటే భయం, చుట్టుతిరిగి వెళ్లేవారు. ఇంట్లో ఫోన్ మోగితే, ఆగిపోయిందన్న కబురేమోనని ఒళ్లు జలదరించేది. చివరికి ఆ భయం చేతుల్లోకి దిగింది. ఎప్పుడూ వచ్చే ఒక ముసలావిడకి మొదటిసారి సూది నరం తప్పింది. రెండోసారీ తప్పింది.

"ఏంటి నాయనా, ఇవాళ చీమ సెలవు పెట్టి తేలుని పంపించిందా?" అందావిడ.

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. చీమగారు మాత్రం దూది అదిమిపట్టుకుని, తన వేళ్ల వంకే చూస్తూ ఉండిపోయారు.

మూడో సంచిక వచ్చిన వారానికి, మధ్యాహ్నం రద్దీ తగ్గి ల్యాబు ఖాళీ అయిన వేళ, కూతురు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. రక్తం తీయించుకునేవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చుంది. చెయ్యి పెట్టుకునే మెత్త మీద మూడు పుస్తకాలూ పెట్టింది.

"కొట్టాంటీని అడిగాను. నువ్వు ఒక్కటీ కొనలేదట."

చీమగారు చేతిలోని దూదిచుట్టని అటూ ఇటూ సర్దారు.

"మొదటిది అక్కడే నిలబడి తిరగేసి ఉంటావు. నచ్చలేదు. ఆ మాటేదో నా మొహం మీద అనొచ్చు కదా నాన్నా? ఊళ్లో వాళ్ల పుస్తకాలన్నిటికీ మూడు సంచికల గడువిచ్చావు, నాకు ఒక్కటి కూడా ఇవ్వబుద్ధి కాలేదా?"

"అట్ట కూడా తిప్పలేదు తల్లీ. నా చెయ్యి మంచిది కాదు" అన్నారు చీమగారు. అని, ఇక దాచలేక తాళాల ముసలాయన దగ్గర్నించి గడియారాల అక్కచెల్లెళ్ల దాకా మొత్తం కక్కేశారు. చెబుతున్నంతసేపూ నేల వంకే చూశారు.

ఆ అమ్మాయి ముందు నవ్వింది. తర్వాత ఆయన మొహం చూసి నవ్వు మానేసింది.

"నీ చెయ్యి కాదు నాన్నా, నీ రుచి. ఎవరికీ అక్కర్లేని నెమ్మది కథలు ఏరుకుంటావు నువ్వు. కొనేవాళ్లు లేక అవి పోతాయి. ఆ గడియారాల కథ ఇప్పుడెలా ఉందో చూశావా? అక్కచెల్లెళ్లు ఏనాడో పోయారు. మిగిలింది తుపాకులే."

చీమగారు మెత్త మీది పుస్తకాల వంక చూశారు.

"ఆ రుచే నాకూ అంటించావు. ఇవాళ కంపెనీ నుంచి ఫోనొచ్చింది. నాలుగో సంచికలో బస్సు ఎక్కేవాడు హంతకుడైతేనే సిరీస్ నడుస్తుందట. లేదంటే అయిదోదానితో ముగించెయ్యమన్నారు. సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పాలి. నాకు ఏడుపొస్తోంది తప్ప ఏమీ తోచడం లేదు. నువ్వు చదివి చెప్పు. నువ్వు ఎలా అంటే అలా చేస్తాను."

ఇన్నాళ్లూ చీమగారు దేనికి జడిసి వీధులు చుట్టుతిరిగారో, అది ఇప్పుడు ఎదురుగా వచ్చి కూర్చుంది. ఈసారి అది పిచ్చి భ్రమా కాదు. నిజంగానే ఆయన నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద పుస్తకం బతకడమో చావడమో ఉంది. స్టూలు లాక్కుని కూర్చుని మొదటిది తెరిచారు. బాగాలేకపోతే బాగుండునని కన్న కూతురి పుస్తకం గురించి దేవుళ్లందరికీ మొక్కుకున్నారు.

తెల్లారకముందు బయల్దేరే బస్సు నడిపే ఆవిడ కథ అది. రోజూ ఎక్కేవాళ్లు నలుగురే. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఆవిడ అద్దంలో వాళ్లని చూస్తూ ఉంటుంది. రెండో సంచికలో ఒకడు దగ్గుతాడు. మూడోదానిలో అతను రాడు. అతను ఎక్కే స్టాపులో ఆవిడ బస్సు ఆపి, తలుపు తీసి, ఊరికే చూస్తుంది. పేజీ తర్వాత పేజీ, ఒక్క మాట లేదు. లోపలున్న ముగ్గురూ తొందరపెట్టరు. చీమగారు అలవాటుకొద్దీ బొమ్మని చేత్తో మూశారు. మూస్తే చదవడానికి ఏమీ మిగల్లేదు. గబుక్కున చెయ్యి తీసేశారు. మళ్లీ వెనక్కి తిప్పి ఆ పేజీలన్నీ మొదట్నించీ చూశారు. కళ్లజోడు మసకబారింది. ఇంత బాగా వేస్తే ఎలా తల్లీ, నేనేం చెప్పి చావను అనుకున్నారు.

"చెప్పు నాన్నా."

"హంతకుణ్ణి పెట్టెయ్" అన్నారు చీమగారు.

ఆ అమ్మాయి తల ఊపింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు, ఎదురుచెప్పలేదు. "సరే" అని ఫోన్ తీసింది. భోజనాల బల్ల దగ్గర కూర్చున్నప్పట్నించీ తండ్రి చెప్పిన తీర్పులన్నీ నమ్మినట్టే దీన్నీ నమ్మింది. తను వేసిన ఆ పేజీలు పనికిరానివని నమ్మింది. అది ఆమె మొహంలో కనబడుతూనే ఉంది. పుస్తకం బతికిందన్న ఊరట చీమగారికి ఒక్క క్షణం కూడా నిలవలేదు. అప్పటిదాకా పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"ఆగు తల్లీ. అబద్ధం చెప్పాను."

ఆమె ఫోన్ పట్టుకునే చూసింది.

"ఒక్క గీత కూడా మార్చొద్దు. ఆవిడ బస్సు ఆపి ఎదురుచూస్తుందే, అలాంటి పేజీలు నేనెక్కడా చూడలేదు. నాలుగోది కొంటాను. అయిదోదీ కొంటాను."

"ఆగిపోతుంది నాన్నా."

"తెలుసు."

"భయం లేదా?"

"చచ్చేంత ఉంది. నా చేతులు చూడు."

ఆమె చూసింది. వణుకుతున్న ఆ చేతుల్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నెంబరు నొక్కింది. "హంతకుడెవరూ రాడండీ" అంది ఫోన్లో. అవతలివాళ్లు చెప్పింది విని, "అలాగేనండీ" అంది. చీమ కుట్టినంతసేపు కూడా పట్టలేదు, అయిపోయింది.

"అయిదుతో సరి" అంది. "చూశావా, నీకు నచ్చిందన్నావు, ఆగిపోయింది."

నవ్వుతూనే అంది గానీ ఆయనకి నవ్వు రాలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి సర్దుకుంటూ, తలెత్తకుండా అడిగింది.

"ఇంకో కథ ఉంది నా దగ్గర. ఇంతకన్నా నెమ్మది. అది వస్తే మొదటి సంచిక కొంటావా?"

చీమగారు పై పుస్తకం అట్ట మీద చెయ్యి వేశారు.

"కొంటాను."

"భయపడుతూనా?"

"భయపడుతూనే."