చదవకుండా పెట్టిన సంతకం

యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఆ మధ్య విజయవాడలో కారు సర్వీసింగ్ అయ్యాక షోరూంవాళ్లు తెలుగు కాగితమొకటి ఇస్తే, మా అబ్బాయి ఫోన్లో ఉన్నాడని నేనే మురిసిపోతూ సంతకం చేశాను.

అక్కణ్నుంచే మనవరాలి మొదటి నాట్య ప్రదర్శనకు కూచిపూడి బయలుదేరాం. కంకిపాడు దాటగానే ఇంజన్ పట్టేసింది.

"ఆయిల్ మార్చినోళ్లు బోల్టు బిగించలేదమ్మా. అంతా దారిలోనే కారిపోయింది" అన్నాడు మెకానిక్.

అబ్బాయి షోరూంకి ఫోన్ చేసి కేకలేశాడు. "అన్నీ చూసుకున్నామని మీ అమ్మగారే సంతకం పెట్టారు కదండీ!" అన్నారు వాళ్లు.

"చదవకుండానే పెట్టేశావా నాయనమ్మా?" అంది మనవరాలు, గజ్జెలు ఒళ్లో పెట్టుకుని. ఆటోలో వెళ్లేసరికి దాని వంతు దాటిపోయింది.

వేలిముద్ర రోజుల్లో ఎవరిచేతైనా చదివించుకోనిదే వేసేదాన్ని కాదు. సంతకం వచ్చాక ఆ అలవాటు పోయింది. ఇప్పుడు వెనక ఎంతమంది నిలబడినా, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాకే పెన్ను అందుకుంటున్నాను.