తాయవ్వ ఆదివారం గోలీ

బీదర్ బస్టాండు వెనక గల్లీలో తాయవ్వ జొన్నరొట్టెలు తెలియనివాళ్ళు తక్కువ. సందు చివరి ఖానావళిలో భోజనానికి కూర్చున్నవాళ్ళు తినేది ఆమె రొట్టెలే. భర్త పోయిన దగ్గరినుంచీ ఆమెకు అదే పని. కొడుకు ఖండప్ప హుమ్నాబాద్‌లో లారీల గ్యారేజీకి పోతాడు, కోడలు సప్న ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడుతుంది. ఇద్దరం సంపాదిస్తున్నాం కదా, ఇక పొయ్యి మానెయ్యమంటే తాయవ్వ మూతి తిప్పేస్తుంది. "చేతులు ఖాలీగ పెట్టుకోని గోడలు చూస్త కూసోమంటవా?" అంటుంది. అసలు భయం వేరే ఉంది. రొట్టె కొట్టడం మానేస్తే ఆ ఇంట్లో తాను ఒక మూలన పడి ఉండే ముసలిదైపోతుందని ఆమె బెంగ. అందులో అబద్ధమూ లేదు, అలా అయిపోయినవాళ్ళను ఆమె గల్లీలోనే చూసింది.

అరవై దాటిన ఆ మనిషి వానాకాలంలో ఒక పొద్దున నల్లా దగ్గర జారింది. అదేమంత పెద్ద పడటం కాదు. కూలబడబోతూ కుడిచెయ్యి నేలకు ఆనించింది, మణికట్టు విరిగింది. సిమెంటు పట్టీ వేసుకుని కూర్చున్నన్నాళ్ళూ సప్న కొట్టిన రొట్టెలకు వంకలు పెడుతూ ఇంటిల్లిపాదినీ ఏడిపించింది.

పట్టీ విప్పిన రోజు డాక్టర్ శ్రద్ధ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "అవ్వా, నిలబడ్డ కాడ జారితే ఇట్ల ఇరగొద్దు. మీ బొక్కలు గుల్లబారినట్టున్నయ్" అంది. ఎముకల పరీక్ష చేయించింది, రక్తపరీక్షలు చూసింది. అనుమానం నిజమేనని తేలాక వారానికొకటి, ఆదివారం ఆదివారం వేసుకునే గోలీ రాసింది. పొద్దున లేవగానే ఖాలీ కడుపున, గిలాసెడు నీళ్ళతో మింగాలి. అరగంట నిటారుగా ఉండాలి, వంగకూడదు, పడుకోకూడదు, ఏమీ తినకూడదు. తాయవ్వ అన్నిటికీ తలూపింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా వైపు ఛాయ్ తిండి కిందికి రాదు. పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగితే రెండు కప్పులు తాగిన మనిషి కూడా ఏం తినలేదనే చెబుతుంది, మనస్ఫూర్తిగా చెబుతుంది. ఇక మిశ్రీ సంగతి చెప్పనే అక్కర్లేదు. పొగాకు కాల్చి నూరిన ఆ నల్లటి పొడి వేలితో పళ్ళకు రుద్దుకోనిదే తాయవ్వకు తెల్లవారదు. కాబట్టి ఆదివారం పొద్దున ఆమె లేచి, మిశ్రీ రుద్దుకుని, వేడివేడి ఛాయ్‌తో గోలీ మింగి, ఖాలీ కడుపు మాట నిలబెట్టుకున్నానన్న తృప్తితో పొయ్యి ముందు కూర్చుని వంగి రొట్టెలు కొట్టింది. మధ్యాహ్నానికి ఛాతీలో నిప్పులు పోసినట్టు మంట. తరువాతి ఆదివారమూ అంతే. ఆ పై వారం గోలీల పట్టీ ఉప్పుడబ్బా వెనక్కి పోయింది. సప్న అడిగితే "వేసుకుంటున్న" అని చెప్పింది. చెప్పేటప్పుడు కోడలి ముఖం చూడలేదు.

ఆ ధైర్యం ఆమెకు అక్క రుక్మాబాయి ఇచ్చింది. రుక్మాబాయిది భాల్కి దగ్గర పల్లె. నడుము రెండుగా వంగిపోయి, ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పి చూస్తుంది. రోజూ చెల్లెలికి ఫోన్ చేస్తుంది, రోజూ ఏదో ఒక సలహా ఇస్తుంది.

"మన అమ్మ వంగింది, నేను వంగిన, రేపు నువ్వు వంగుతవ్. మన ఇంటి ఆడోళ్ళ ఒళ్ళే గంత. దానికి గోలీలేందే? ఆ గోలీతోని దవడ బొక్క కుళ్ళుతదని మా ఊళ్ళె అంటున్నరు."

దవడ మాట వినగానే తాయవ్వ చెయ్యి తన దవడ మీదికి పోయింది. ముందుకు వేలాడుతున్న పన్ను ఒకటి ఉంది ఆమెకు. నాలుకతో దాన్ని కదిపి చూసుకుంటూ ఆ రోజంతా గడిపింది.

ఛాతీ మంట పోయింది గానీ, ఎప్పటినుంచో ఉన్న నడుము నొప్పి ఎక్కువైంది. కూర్చుంటే లేవలేకపోతోంది, లేస్తే కూర్చోలేకపోతోంది. ఖండప్ప సెలవు పెట్టి మళ్ళీ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టర్ శ్రద్ధ నడుము ఎక్స్‌రే తీయించి, అది వచ్చేలోపల అడిగింది.

"గోలీ వేసుకుంటున్నరా అవ్వా?"

తాయవ్వ కొడుకు వైపు చూసింది. నేల వైపు చూసింది. "మానేసిన. ఛాతీల ఒకటే మంట."

డాక్టరమ్మ కసరుతుందనుకుంది. కసరలేదు. "ఎట్ల మింగిన్రో చెప్పండి" అంది.

"మీరు చెప్పినట్టే మింగిన. లేచిన, మిశ్రీ పెట్టుకున్న, ఛాయ్‌తోని గోలీ వేసుకున్న, పొయ్యి ముందర కూసున్న. ఒక్క మెతుకు ముట్టలె."

ఖండప్ప ఫక్కున నవ్వాడు. తల్లి చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. డాక్టర్ శ్రద్ధ మాత్రం తప్పు తనదేనన్నట్టు తల పట్టుకుంది. "ఛాయ్ వద్దని నేను గట్టిగ చెప్పాల్సి ఉండె. ఛాయ్‌తోని వేసుకుంటే గోలీ ఒంటికి పట్టదు. వంగి కూసుంటే పైకి ఎగదన్ని మంట పుడతది. పొగాకు ఆపితే ఇంకా మంచిది, అది కూడ బొక్కల్ని తింటది."

"మరి దవడ బొక్క కుళ్ళుతదంటున్నరు?"

"అట్లయ్యేది శానా తక్కువ. ఐనా ముందుగాల పళ్ళ డాక్టర్‌కు చూపియ్యండి, తీసే పన్నుంటే తీసినంక మొదలుపెడదాం. మళ్ళ మంట వస్తే ఆపేసి నా దగ్గరికి రండి, వేరే మందులున్నయ్."

"అస్సలు వేసుకోకుంటే?"

"ఏం కాకపోవచ్చు. మళ్ళ ఇరగొచ్చు. గోలీ వేసుకుంటే ఇరగదని నేను పూచీ పడలేను అవ్వా. ఇరిగేది తగ్గుతది, అంతే."

తాయవ్వకు ఈ జవాబు బొత్తిగా నచ్చలేదు. రొట్టె పెనం మీద పొంగితే పొంగినట్టు, పొంగకపోతే లేదు. ఈ మందేమో పనిచేస్తే ఏమీ జరగదట. ఏమీ జరగకపోవడాన్ని చూసి మనిషి ఎట్లా నమ్మాలి? విసుగ్గా ఆఖరి ప్రశ్న వేసింది.

"మీ అమ్మకైతే ఇస్తరా?"

"ఇచ్చిన. వేసుకుంటదో, ఏ డబ్బా వెనకన్న దాస్తదో ఆమెకే ఎరుక."

ఉప్పుడబ్బా సంగతి ఈమెకు ఎట్లా తెలిసిందా అని తాయవ్వ ఉలిక్కిపడి, ఆ తరువాత నవ్వేసింది.

అంతలో ఎక్స్‌రే వచ్చింది. డాక్టర్ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. వెన్నుపూసల వరసలో ఒకదాని మీద వేలు పెట్టింది. పైవీ కిందవీ సమానంగా ఉన్నాయి, అదొక్కటి ముందువైపు నలిగి ఉంది.

"ఇది పాతది. ఎప్పుడిరిగింది అవ్వా?"

"నడుమా? నడుమెన్నడు ఇరగలె. కింద పడలె గద."

"పడకుంటనే ఇరుగుతది. బరువెత్తినప్పుడు ఏమన్న అయ్యిందా?"

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు పిండిడబ్బా ఎత్తుతుంటే నడుము కలుక్కుమంది. ఊపిరాడలేదు. పట్టేసిందని నూనె రాయించుకుని, పాతచీర బిగించి కట్టుకుని, మరునాడు పొయ్యి ముందు కూర్చుంది. గల్లీలో ఎవరికి కలుక్కుమన్నా చేసేది అదే.

"అది పట్టేసుడు కాదు, పూస నలిగింది. ఇట్ల ఒకటెనక ఒకటి నలిగితేనే మనిషి వంగుతడు."

ఇంటిదారి పొడుగునా తాయవ్వకు తన తల్లే కళ్ళ ముందు మెదిలింది. వాకిలి ఊడ్చే చీపురుకూ ఆమెకూ ఎత్తులో పెద్ద తేడా ఉండేది కాదు. రొట్టెలు కొట్టీ కొట్టీ వంగిందని ఊరంతా అనేది, తాయవ్వా అనేది. ఎముకలు విరిగిన మనిషి చేత అన్నేళ్ళు పని చేయించుకున్నామా అనుకుంది. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. తాను కూడా అట్లా వంగితే పొయ్యి ముందు కూర్చోవడం ఉండదు, లేవడమూ ఉండదు. గోలీ వల్ల వచ్చే భయాలు ఇంకా పోలేదు గానీ వాటి పక్కన ఈ భయం పెట్టి చూసుకుంటే ఏది పెద్దదో ఆమెకు తెలిసిపోయింది.

వేలాడే పన్ను తీయించుకుంది. పుండు మానిందని పళ్ళ డాక్టర్ చెప్పేదాకా ఆగింది. మిశ్రీ డబ్బా కోడలి చేతికిచ్చి, "దినానికి ఒక్కపారి ఇయ్యి, మళ్ళ అడిగితే తిట్టినా ఇయ్యకు" అంది. ఆ మధ్యాహ్నమే అడిగింది, సప్న ఇవ్వలేదు, తాయవ్వ తిట్టింది కూడా.

ఆదివారం వచ్చింది. మిశ్రీ లేకుండా, ఛాయ్ లేకుండా గిలాసెడు నీళ్ళతో గోలీ మింగి, వాకిట్లో కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చుంది. తల దిమ్ముగా ఉంది, చేతులకు ఏం చెయ్యాలో తోచలేదు. ఛాతీలో మంట వస్తుందేమోనని లోపలికే చెవి పెట్టి కూర్చుంది. రాలేదు. అప్పుడు ఫోన్ మోగింది.

"ఏం చేస్తున్నవే?" అంది రుక్మాబాయి.

"గోలీ మింగి కూసున్న."

"మళ్ళ షురూ చేసినవా? ఎంత చెప్పినా..."

"అక్కా, జర ఆగు. నీ నడుము ఎప్పుడు వంగుడు షురువైంది?"

"కందికోతల దినాలు. మోపు ఎత్తంగ కలుక్కుమన్నది. పానం పోయినంత పనైంది. పక్కకు ఒరగనీకి రాకపోయె. పని ఎగ్గొట్టనీకి దొంగేషాలు ఏస్తున్నవని మీ బావ నలుగుర్ల అన్నడు. తెల్లారి మళ్ళ చేన్లకు పోయిన. ఇప్పుడదెందుకే?"

"అప్పుడు నీ నడుం బొక్క ఇరిగిందక్కా. నాకు కూడ ఒకటి ఇరిగింది, ఫోటోల చూపిచ్చిన్రు. వంగేది గందుకేనంట."

ఫోన్ కట్టయిందేమోనని తాయవ్వ చెవి నుంచి తీసి చూసింది. కట్ కాలేదు.

"ఇరిగిందా?" అంది రుక్మాబాయి.

"ఇరిగిందక్కా. నువ్వు కూడ రా, డాక్టరమ్మకు చూపిద్దాం. ఖండప్పను పంపుత."

"వస్త."

ఆ తరువాత ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలియని గొంతుతో అక్క అంది: "మీ బావ బతికుంటే ఈ మాట చెప్తుంటినే."