ముందు నువ్వు తాగు నాయనా

ఆ వీడియో ఆట రెండో భాగం చేసినోళ్ళు యాడుండారో గానీ, ఒక్కసారి మా చిత్తూరికి రావాల. తిట్టను, కొట్టను. మా నాయన పక్కన కూర్సోబెట్టి ఆయన చేతులు సూడమంటాను.

మా నాయన గుళ్ళలో, పెండ్లిండ్లలో బంతులకు వడ్డించి బతికిన మనిషి. మా తాతదీ అదే పని. ఆఖరి ఆకులో కూడా అన్నీ పడినాయని సూసుకున్నాకే వడ్డించినోడు తినాల. ఇంట్లో ఉండేది ముగ్గురమే అయినా, అమ్మకూ నాకూ కూర పడేదాకా ఆయన ముద్ద కలపడు. చేతులు వణకడం మొదలైనాక ఒక పెండ్లిలో సాంబారు ఎవురిదో పట్టుచీర మీద ఒలికిపోయింది. ఆ యమ్మ బంతి బంతంతా వినేటట్టు తిట్టింది. ఇంక ఆయన్ని ఎవురూ పిలవలేదు. పొద్దస్తమానం గోడ పక్కకు తిరిగి పడుకునేవాడు.

సూడలేక నేనే ఆ ఆట మొదటి భాగం తెచ్చి టీవీకి తగిలించినాను. అడివిలో పోయే ఒక నాయకుడు, అది మనమే; ఎంట ఒక ముసలామెతో కలిపి నలుగురు. కొట్లాటలో దెబ్బ తగిలితే సంచి తెరిసి మందు తాపాల. సంచి తెరిస్తే కాలం నిలబడిపోతుంది, రాక్షసుడు ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉంటాడు. మా నాయన వణికే వేళ్ళతో నిదానంగా ముందు ముసలామెకు, తరవాత మిగిలినోళ్ళకు తాపి, ఆఖర్న తాను తాగేవాడు. "అందరికీ పడిందమ్మా" అని నా పక్క సూసి నవ్వేవాడు. ఆ నవ్వు కోసరమే నేను సాయంత్రం బస్సు దిగి ఇంటికి పరిగెత్తేదాన్ని.

అంతలో వచ్చింది మహాతల్లి, రెండో భాగం. బొమ్మలు బ్రహ్మాండం, గడ్డిపోసలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. బుర్ర మాత్రం సున్నా. సంచి తెరిసినా కాలం ఆగదు! మనం మందు ఏరుకుంటా ఉంటే రాక్షసుడొచ్చి నరికిపోతాడు. నాయకుడు పడిపోతే, మిగిలిన నలుగురూ నిలబడుండినా ఆట అయిపోయినట్టే. ఆ నలుగురు సస్తే మాత్రం లెక్కే లేదు, పక్కూర్లో ఇంకో నలుగుర్ని ఇస్తారు. పైగా ఓడిపోయినప్పుడల్లా ఒక చిలక వచ్చి "చిన్నపిల్లల ఆట పెట్టమంటావా?" అని కిసుక్కున నవ్వుతుంది. దాని నోరు మూయించే దారి యాడా లేదు. ఆ చిన్నపిల్లల ఆటా పెట్టి సూసినాం. రాక్షసుడి బలం తగ్గింది గానీ కాలం ఆగలేదు. పోనీ పాతదానికే పోదామంటే, "మీ పాత స్నేహితుల్ని తీసుకొస్తున్నాం" అని చెప్పి, కొత్తది ఎక్కేటప్పుడే పాత ఆటను చెరిపేసి మింగి కూర్సునింది. ఏం తెలివబ్బా!

ఒక ఆదివారం, అమ్మ ఇంకా వంట చేస్తా ఉంది. నాయన సంచి తెరిసినాడు, ముసలామెకు తాపినాడు, నరికించుకున్నాడు. చిలక నవ్వింది. మళ్ళీ తెరిసినాడు, మళ్ళీ అదే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముందు నువ్వు తాగు నాయనా! వాళ్ళు సస్తే సస్తారు, బొమ్మలే గదా!"

"అట్ల కాదమ్మా. వాళ్ళు మనల్ని నమ్మి ఎంటొచ్చినారు గదా."

చిలక మళ్ళీ నవ్వింది. నాయన తన వేళ్ళ పక్క సూసుకున్నాడు, శానాసేపు.

ఈసారి ముందు తానే తాగినాడు. రెండోసారి కూడా తానే. మొదటి భాగం నుంచి ఎంటొచ్చిన ముసలామె నాయకుణ్ణి పేరు పెట్టి పిలస్తా పిలస్తా పడిపోయింది. ఆయన అటు సూడలేదు. రాక్షసుడు కూలిపోయినాడు. బాకాలు ఊదినారు, పూలు రాలినాయి, బంగారు అక్షరాల్లో "మహానాయకుడు" అని పడింది. ఆ అక్షరాల కింద ముసలామె అట్లే పడుండాది. నాయన నవ్వలేదు, నా పక్క సూడనూ లేదు. టీవీ ఆపి లేసినాడు.

అమ్మ అన్నానికి పిలిసింది. నాయన కూర్సున్నాడు. అన్నం పెట్టుకుని, కూర గిన్నె తన పక్కకు లాక్కుని, ఏసుకుని, కలుపుకుని తినడం మొదలుపెట్టినాడు. అమ్మ గరిటె పట్టుకుని అట్లే నిలబడిపోయింది. నా అన్నం తట్టలో ఇంకా మెతుకు పడలేదు.

"ఏమండీ, పాపకు..." అనింది అమ్మ.

"ఏసుకుంటాదిలే," అన్నాడు నాయన, తలెత్తకుండా.