మేనల్లుడికి ‘యూ’

యుద్ధం రాకముందు మాట. బెజవాడలో ఇంగ్లీషు మేష్టరునైన నేను ఏదో పని మీద అరవదేశంలో తెలుగువాళ్లుండే రాజపాళయం వెళ్లి, ఒక రైతు పెద్దాయన ఇంట్లో దిగాను.

మధ్యాహ్నం ఆయన మేనల్లుడు భోజనానికి వచ్చాడు. అంతవరకు నాతో తెలుగులో గలగలా మాట్లాడిన పెద్దాయన అతణ్ణి చూడగానే, "యూ కమ్. యూ సిట్," అన్నారు. మేనల్లుడు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే సంగతేమిటని అడిగాను.

"వాడు తాసిల్దారు అయినాడు వాత్యారయ్యా. మీరు అంటే మామకి మర్యాద లేదు. నువ్వు అంటే సర్కారుకి మర్యాద లేదు. ఇంగ్లీషులో ఆ తగాదా లేదే!"

నా నోరు ఊరుకోలేదు. ‘యూ’ అన్నది ఒకప్పుడు దొరల ‘మీరు’ అనీ, ‘నువ్వు’ అనడానికి వాళ్లకు ‘దౌ’ ఉండేదనీ, అందర్నీ గౌరవించీ గౌరవించీ ఆ ‘దౌ’ను వదిలేశారనీ చెప్పాను.

ఆయన ముఖం మాడిపోయింది. "అయితే మూడేండ్లుగా ఈ పిల్లకాయని నేను మీరు అంటా ఉన్నానా!"

ఆకులు వేశారు. పెద్దాయన గొంతు సవరించుకుని మేనల్లుడితో, "దౌ కమ్. దౌ ఈట్," అన్నారు.

మిషన్ స్కూల్లో చదివిన తాసిల్దారు ఉలిక్కిపడి చేతులు జోడించాడు. "వద్దు మామా! మా స్కూల్లో ఆ మాట దేవుణ్ణి మొక్కేటప్పుడు చెప్పినారు."

పెద్దాయన నావైపు ఒక చూపు చూశారు. "సరి, పోనీ. రేయ్, నువ్వు కూర్చోని తిను. రసం ఆరిపోతా ఉంది."

తాసిల్దారు గారు ఆ పూట మూడుసార్లు అన్నం అడిగి వేయించుకున్నారు. నన్ను మాత్రం రెండోసారి ఎవరూ అడగలేదు.