నిద్రపోయే చేపకి సన్న దారం

మొన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక షాపులో గాలపు దారం చుట్ట చేతిలోకి తీసుకోగానే, ఆ కొత్త నైలాన్ వాసన నన్ను మళ్ళీ ఎనిమిదేళ్ళ పిల్లని చేసేసింది.

గోదావరిలో గాలం వేస్తూ పెరిగిన నాన్న, అప్పట్లో, ఇక్కడ చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద తొలిసారి చేపలు పట్టబోతూ, ఇలాంటి షాపులోనే అన్నిటికంటే లావు దారం, పెద్ద రీల్ తీసుకున్నారు. నేను గుప్పెట్లో పట్టే రీల్, వెంట్రుకంత దారం ఎంచుకున్నాను.

"పూలు కట్టే దారానికి చేపలు పడతాయటే?" అని నవ్వారు నాన్న.

"చలికి అవి స్లీప్ అవుతాయి కదా నాన్నా! లావుది వేస్తే లేచి పారిపోతాయి."

నిజంగానే నమ్మాను.

మర్నాడు మంచులో తొలిచిన కన్నాల దగ్గర కూర్చున్నాం. నాన్న దారం చలికి బిరుసెక్కి, స్ప్రింగులా చుట్టలు తిరిగింది. నాది మెత్తగా నీళ్ళలోకి జారింది. కాసేపటికి గాలం కర్ర కొస సన్నగా వణికింది. గబగబా రీల్ తిప్పాను. పచ్చటి చేప మంచు మీద ఎగిరెగిరి పడింది!

"పట్టేసింది నా కూతురు!" నాన్న కేకకి సరస్సు మీదున్న వాళ్ళంతా తిరిగి చూశారు.

మా ఇంట్లో పులుసులో తలకాయ ఎప్పుడూ నాన్నదే. ఆ పూట అది నా కంచంలో పడింది.

చలి నీళ్ళలో చేప మెల్లగా కొరుకుతుందనీ, ఆ కదలిక సన్న దారానికే తెలుస్తుందనీ తర్వాత నేర్చుకున్నాను. మొన్న షాపులో ఆ దారం చుట్టలు చూస్తూ నవ్వుకుంటుంటే, పక్కనే ఉన్న నాన్న మెల్లగా అన్నారు:

"సన్నదే తీసుకోవే. పాపం, నిద్రపోతుంటాయి."